ఏమీ పెరగలేదు

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమే, మాట్లాడుకోవడమే తక్కువ. అక్కడ నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారనుకుంటాను.

అల్లుడికి జ్వరం తగ్గిందా, విరేచనాలు కట్టాయా అని అడిగావు. పోయిన వారం దాకా తగ్గడం, మళ్ళీ రావడం, అదే వరస. బడి బస్సు నడిపే మనిషి, స్టీరింగు ముందు కూర్చోలేక ఇంట్లో గోడకి చేరగిలబడ్డారు. నేను పనిచేసే ల్యాబులోనే ఆయన రక్తమూ మలమూ పరీక్షకి పెట్టాను. క్రిమి ఉంటే గాజు పళ్ళెంలో చుక్కలు చుక్కలుగా పెరగాలి. చూసిన ప్రతిసారీ పళ్ళెం తుడిచినట్టుంది. "ఏమీ పెరగలేదు" అని నా చేత్తోనే రాశాను.

డాక్టరుగారు నావైపు అదోలా చూశారు. "లక్షణాలన్నీ టైఫాయిడ్‌వే. ఇంట్లో ఎవరైనా ముందే మందు ఇస్తున్నారా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "ల్యాబులో పనిచేసేదాని ఇంట్లోనా?" అన్నాను.

ఇక నా కళ్ళు ఊరుకుంటాయా! నీళ్ళ బిందె మార్చాను, పాలవాణ్ణి మార్చాను. చివరికి నా అనుమానం అత్తయ్య చేతుల మీద పడింది. కొందరికి జబ్బు కనిపించదు గానీ కడుపులో క్రిమి కాపురముంటుంది. వాళ్ళు వండితే ఇంటిల్లిపాదికీ అంటుకోవచ్చు. ఆవిడ తుమ్మగా కూడా ఎప్పుడూ చూడలేదు నేను. అదే తేడాగా తోచింది. ఆవిడ చేతులు కడుక్కుంటుంటే తలుపు చాటునుంచి చూసేదాన్ని.

మూడు వారాల కిందట ఆయన గడ్డం గీసుకునే డబ్బా కడుగుదామని తీశాను. అడుగున గుడ్డ ముక్కలో చుట్టిన మాత్రల అట్ట, సగం ఖాళీ. పైన ఎర్ర దారంతో ముడి. అమ్మా, ఆ ముడి ఎవరిదో నాకు ఒకరు చెప్పాలా? బడికి పోయేటప్పుడు నా పెన్సిళ్ళు కట్టిచ్చిన ముడి అది.

ఆయన నేలచూపులు చూస్తూ బయటపెట్టారు. "మీ అమ్మగారు పంపారు. ఆవిడకి కడుపు పాడైనప్పుడు మిగిలినవట. బాగోలేనప్పుడల్లా ఒకటి వేసుకోమన్నారు. నీకు చెబితే గోల చేస్తావన్నారు."

ఆ ఒక్కో మాత్రకి క్రిమి చావలేదమ్మా, నక్కి కూర్చుంది. అందుకే మా పళ్ళెంలో దొరకలేదు. మాత్రలు ఆపి మళ్ళీ పరీక్ష పెడితే బయటపడింది. అది ఏ మందుకు లొంగుతుందో చూసి ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే పేగుకి చిల్లు పడేదట. ఇప్పుడు జ్వరం లేదు, ఆకలేస్తోందంటున్నారు.

ఇంతవరకూ దాచిన సంగతి ఒకటుంది. మాత్రలు దొరకక ముందు, అత్తయ్య చేతికి డబ్బా ఇచ్చి మలం పరీక్షకి కావాలన్నాను. ఆ వయసు మనిషి నోరెత్తకుండా తెచ్చిచ్చారు. ఏమీ పెరగలేదు. నమ్మకం కుదరక ఇంకో డబ్బా ఇచ్చి మళ్ళీ అడిగాను. ఆవిడ ఆ డబ్బా గట్టుమీద పెట్టి వంటింట్లోంచి బయటికొచ్చేశారు. మళ్ళీ పొయ్యి ముట్టలేదు. నీ మాత్రల సంగతి ఆవిడకి చెప్పలేదు. నిన్నెలా చులకన చెయ్యను?

నిన్న ఆయన, "అమ్మా, నీ చేత్తో ఇంత వండి పెట్టవే" అన్నారు.

"నీ పెళ్ళాన్ని అడుగు. నా చేతులకి ఇంకా రిజల్టు రాలేదు" అన్నారావిడ.

నువ్వు రా అమ్మా. ఆ ముడి వేసిన చేతులతోనే వచ్చి ఆవిడకి ఉన్నమాట చెప్పు. వచ్చినప్పుడు నీ సంచీ నేనే విప్పి చూస్తాను, కోపం తెచ్చుకోకు. వంట చెయ్యమని ఆవిణ్ణి నువ్వే అడగాలి. అడిగే మొహం నాకు లేదు.

ఇట్లు,
గోల చేసే నీ కూతురు