నాన కొవ్వు మాత్ర

మావా, ఎదురుగా నోరు రాదు, అందుకే మెసేజ్ కొడతన్నాను. మెదడులో నరం సిట్లి రత్తం కారి నాన పడిపోయిన కాడ్నించి, గుండెకని ఏసుకునే ఆ కొవ్వు తగ్గే మాత్ర మానిపించమని అమ్మ మీద అరుత్తన్నావు. మన ఈది కాలేబు తాత అదే మాత్ర ఏసుకునే సచ్చిపోయాడంతన్నావు. పలాస ఫేక్టరీలో జీడిపిక్కలు సూసి కొనేది నువ్వే గదా! ఒక్క పుచ్చు పిక్క సూసి బస్తా తిప్పి పంపేత్తావా? పైన, మద్దిన, అడుగున తీసి కోసి సూడవా?

మెదడు డాక్టరూ గుండె డాక్టరూ కలిసి నాన కాయితాలూ, ఈ మాత్రేసుకున్న శానామంది లెక్కలూ అన్నీ సూసేరు. "మాత్రేత్తే మళ్ళీ రత్తం కారతాదని కొంచెం భయం. మానేత్తే స్టెంటేసిన గుండెకి ఇంకా భయం. మాకూ కచ్చితంగా తెలీదు, అయినా ఏసుకోడమే మేలు" అన్నారు. తెలీదని ఒప్పుకున్నోళ్ళనే నేను నమ్ముతాను. ఇయ్యాల నానకి మాత్ర నేనే ఏసేను. పారేత్తానని వొత్తే గుమ్మంలో నేనుంతాను మావా.