గ్యాస్ప్ అంటే

1963 జూలై 5, తెనాలి

బడి నుంచి వచ్చేసరికి మేలీ అరుగు మీద కూర్చుని ఉంది. చైనా పళ్ల డాక్టరుగారి భార్య. కలకత్తా నుంచి వచ్చి ఏడాది కాలేదు. తెలుగు రాదు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు. "మా ఆవిడకి కాస్త ఇంగ్లీషు చెప్పండి టీచరుగారూ" అని ఆయనంటే కాదనలేకపోయాను. ఒళ్లు హూనం... అయినా పాఠం.

ఇవాళ 'గ్యాస్ప్'. పామును చూసి చటుక్కున ఊపిరి లోపలికి లాగడం — అదే. గాలి అందక నోరు తెరిచి ఎగపీల్చడం — అదీ అదే. ప్రాణం పోయేముందు ఎగశ్వాస — అదీనట. "ఒక్క మాటకి ఇన్నా?" అన్నట్టు చూసింది. నటించి చూపించాను. నాకే ఆయాసం.

జూలై 9

వాన. పాఠం లేదు. పడుకున్నాను.

జూలై 11

మధ్యాహ్నం మేలీ పరుగున వచ్చింది. "ఫాదర్... గ్యాస్ప్. నో స్నేక్."

మామగారు. కొడుకు రేపల్లెలో పళ్లు చూస్తున్నాడు. వెళ్తే — ముసలాయన మంచం పట్టె పట్టుకుని, నోరు తెరిచి, గాలి కోసం... పెదవులు నీలం. వీధి డాక్టరు చూసి, బాపట్ల తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించమన్నారు.

చైనాతో యుద్ధం దగ్గర్నుంచీ వీళ్లు ఊరు దాటాలంటే పోలీసుల అనుమతి కావాలి. డాక్టరుగారికి రేపల్లె వరకే ఉంది. స్టేషన్లో ఇన్‌స్పెక్టరు — "పెద్దాయన్ని తీసుకెళ్లండమ్మా, నేను చూసుకుంటాను. ఆవిడకి మాత్రం అనుమతి పైనుంచి రావాలండి."

"మరి ఆయనతో ఎవరెళ్తారండి?"

నా వైపే చూశాడు.

వెళ్లాను. టాక్సీలో పడిపోకుండా ఆయన్ని నిటారుగా పట్టుకుని కూర్చున్నాను. దారంతా ఒకటే మాట. తాంగ్... తాంగ్...

జూలై 12, బాపట్ల

ఆక్సిజన్ పెట్టారు. పెదవుల రంగు మారింది. మాట మాత్రం లేదు, మగతగా ఉన్నారు. నర్సుకి అప్పజెప్పి సాయంత్రం బండెక్కాను. నిలబడే నిద్ర.

అదే రోజు, తెనాలి

కొడుకు రేపల్లె నుంచి వచ్చాడు. బాపట్లకి అతనికీ అనుమతి రాలేదు.

"నాన్న ఏమన్నా అన్నారా అండి?"

విన్నట్టే పలికాను. మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మళ్లీ అనండి. మా భాషలో ఆ మాట గొంతు దించకుండా తేల్చి అంటే చారు, పైకి తీస్తే చక్కెర..."

తేల్చి అన్నాను. పైకి తీశాను. కిందికి దించి పైకి లేపాను.

"అలా అంటే పడుకోవడం అండి."

ఏది విన్నానో తెలియడం లేదు. పడుకోబెట్టమన్నారేమో... దారంతా కూర్చోబెట్టే ఉంచాను.

పొద్దున్నే మళ్లీ బాపట్ల వెళ్లాలి. చారు కాయాలా, చక్కెర కట్టివ్వాలా అని మేలీ పొయ్యి దగ్గరే నిలబడి ఉంది.