పాత బండికి తొలిబొట్టు

శుక్రవారం రాత్రి, అమ్మవారి పటం ముందు

అడవి దారుల్లో తిరగడానికి నా కొడుకు రవి పాత బుల్లెట్ కొన్నాడు. తీసుకురావడానికి నస్పూర్‌కు నేనూ వెళ్లాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కుంకుమ భరిణె ఆ ఇంటామెకు చాపాను.

"మీ ఇంట్ల తిరిగిన బండి. తొలిబొట్టు నువ్వే పెట్టు చెల్లె."

కొంగు నుదుటి దాకా కప్పుకుని ఉంది, బొట్టు లేదని నేను గమనించలేదు. ఆమె వెనక్కి జరిగింది.

"నేను పెట్టద్దక్కా. బండి మా ఆయనది. ఆయన పోయి మూడు నెలలాయె. నీ కొడుకు చెప్పలేదా?"

"చెప్తే కొననియ్యవని చెప్పలేదవ్వా" అన్నాడు రవి.

బొట్టు నేనే పెట్టాను. ఆమె కొంగుతో సీటు తుడిచి, రవికి ఎదురు రాకూడదని తలుపు చాటుకు వెళ్లిపోయింది.

తల్లీ, ఆమెను బయటికి రమ్మనడానికి నాకు నోరు రాలేదు. అప్పటికే నా కొడుకు బండెక్కి కూర్చున్నాడు.