ఐదేసి చొప్పున చెడిన బండి

ఒనెరోవా,
సోమవారం ఉదయం

రోంగోకు,

ఇక్కడ ఇంటిల్లిపాదీ క్షేమం. ఇంటిల్లిపాది అంటే నేనూ, రెండు పందులూ, నీ ఎర్ర బండీ. నీ ఆరోగ్యం సంగతి మనవరాలు అకైతి ఎప్పటికప్పుడు విడిగా రాస్తూనే ఉంది కనుక, నువ్వు "బాగానే ఉన్నా" అన్నంత మాత్రాన నేను నమ్మడం లేదు. నీకు ఈ ఉత్తరం చదివి వినిపించే ఆ పిల్లకు ఒక మాట. మనవరాలా, మధ్యలో ఒకచోట నీకు ఆగాలనిపిస్తుంది. ఆగకు. బడిలో పాఠం చదివినట్టు చివరిదాకా ఒకే గొంతుతో చదువు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వానలు పడ్డాయి, టారో చేమదుంపల మడిలో నీళ్లు నిలిచాయి. నల్ల పంది కాలు నయమైంది. చర్చిలో మన బల్ల మీద నీ చోట నీ కీర్తనల పుస్తకం పెడుతున్నాను. పోయిన ఆదివారం ఎవరో బంధువులు వచ్చి జరగమన్నారు. జరగలేదు.

ఈ దీవి వదిలి నువ్వున్న ఆక్లండ్‌కు నేనే వచ్చేయవచ్చు కదా అని మళ్లీ అడిగావు. అకైతి గదిలో రెండు మంచాలకే చోటుంది. ఇక్కడ వాకిట్లో మా అమ్మ సమాధీ, మన పెద్దవాడి సమాధీ ఉన్నాయి. వాటి మీద రాలిన ఆకులు ఊడ్చేవాళ్లు నేను తప్ప ఎవరూ లేరు. సాయంత్రాలు అక్కడే కూర్చుంటున్నాను. వాళ్లిద్దరూ మాట్లాడరన్న మాటే గానీ మంచి తోడు.

ఇక బండి. "ఎక్కడో లెక్క తప్పింది, మొదటి నుంచి మళ్లీ చెప్పు" అన్నావు. చెబుతాను.

నువ్వు విమానం ఎక్కిన నెలకు అది మొరాయించింది. కిక్ కొడితే కాలికి ఎదురు తన్నాల్సింది, మెత్తటి నేల మీద అడుగు వేసినట్టు దిగిపోయేది. కరెంటు ఆఫీసులో పనిచేసే తెరే రోజూ వచ్చి వాలులో తోసేవాడు. నా దగ్గర నాలుగో తరగతి రెండుసార్లు చదివిన తెరేనే. "మామ్మగారూ, అప్పట్లో మీరు నన్ను క్లాసులోంచి తోశారు, ఇప్పుడు నా వంతు" అని వీధంతా వినబడేలా అనేవాడు.

నువ్వు చెప్పినట్టు ఇంజన్ ప్లగ్గు ఊడదీసి ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టాను. తెరే కిక్ కొట్టాడు. వేలు ఎగిరిపోవాలన్నావు. గాలి వేలిని తాకి జారిపోయింది, అంతే. అప్పుడు తెరే ఆఫీసు నుంచి కంప్రెషన్, అదే ఇంజన్‌లో గాలి ఒత్తిడి, కొలిచే గేజి తెచ్చాడు. మొదటిసారి యాభై చూపించింది. నేను యాక్సిలరేటర్ తిప్పకుండా గట్టిగా పట్టుకున్నాను, బండి మీద దుడుకుతనం కూడదని నువ్వే కదా నేర్పావు.

"ముక్కు మూసి ఊపిరి పీల్చుకోమంటే ఎలా మామ్మగారూ? పూర్తిగా తిప్పండి!" అన్నాడు తెరే.

"ఆ ముక్క ముందే చెప్పాలి."

"మీకు చెప్పేంతవాణ్ణా? చెబితే గోడ కుర్చీ వేయిస్తారు."

పూర్తిగా తిప్పితే డెబ్భై ఐదు వచ్చింది. నూట యాభైకి దగ్గరగా ఉండాలన్నావు. పిస్టన్ రింగులు అరిగాయేమో చూడమని, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు నూనె పోయమన్నావు. నూనె రింగుల చుట్టూ చేరి గాలిని ఆపితే అంకె పెరుగుతుందని, పెరిగితే తప్పు రింగులదేనని రాశావు. పోశాను. డెబ్భై ఐదు దగ్గరే నిలబడింది. రింగులు కావు, వాల్వు చూడమని జవాబు రాశావు.

ఇంతవరకూ ప్రతి అక్షరం నిజం.

ఆ జవాబు అందిన మర్నాడు పొద్దున్న, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, నువ్వు చెప్పిన గుర్తుల ప్రకారం ఇంజన్ లోపలి చక్రం తిప్పి, వాల్వు మీది మూత తీసి, సందు కొలిచే పల్చటి రేకు పెట్టి చూశాను. పొగ బయటికి పోయే వాల్వు దగ్గర రేకు దూరనే లేదు. సందు లేక వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు, గాలి అక్కడినుంచే పోతోంది. నట్టు వదులు చేసి, రేకు కాస్త పట్టి జారేటంత సందు ఇచ్చి, మళ్లీ బిగించాను. తెరే గేజి పెట్టాడు.

అకైతీ, ఇక్కడ ఆగకు.

నూట నలభై. ఒక్క కిక్‌కే స్టార్టయింది రోంగో. తెరే నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. బండేసుకుని నేనొక్కదాన్నే కొండ మీదికి, టారో మడిదాకా వెళ్లి వచ్చాను. ఇది జరిగింది, వాల్వు సరిచేసినా "డెబ్భై"కి దిగిందని నేను నీకు రాసిన వారమే. డెబ్భై అబద్ధం. ఆ తర్వాత ఉత్తరంలోని అరవై ఐదూ, మొన్నటి అరవై కూడా అబద్ధమే.

"బాగైంది" అని రాయడానికే ఆ సాయంత్రం కాగితం తీశాను. నీ పాత ఉత్తరాలు పక్కనే ఉన్నాయి. బండి చెడకముందు నువ్వు రాయించినవి రెండు వాక్యాలు. "బాగున్నాను. నువ్వూ బాగుండు." ఫోన్లో అయితే అదీ లేదు, దగ్గి అకైతికి ఇచ్చేస్తావు. బండి చెడ్డాక నాలుగేసి పేజీలు. పొద్దున్న గాలిలో తేమ ఉందా, పొగ ఏ రంగు, కాలికి చెప్పులు వేసుకునే కిక్ కొట్టావా, వాలులో తోస్తుంటే దారిలో ఎవరు ఎదురయ్యారు, వాళ్లేమన్నారు? పెళ్లైనప్పటి నుంచీ నువ్వు నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు. "బాగైంది" అని రాస్తే మళ్లీ రెండు వాక్యాలకు దిగుతావు. అందుకని డెబ్భై అని రాశాను. తెరే కూడా ఇప్పుడు రావడం లేదు. తోయాల్సిన పని లేదు కదా.

నీకు అనుమానం రాకపోలేదు. "ఇంజన్ ఎక్కడైనా ఇంత బుద్ధిగా ఐదేసి చొప్పున చెడుతుందా? నీ పెంపకంలో అదీ క్రమశిక్షణ నేర్చిందే!" అని రాయించావు. చదివి నవ్వాను. కింద అకైతి చిన్న అక్షరాలతో చేర్చింది చదివేసరికి నవ్వు ఆగిపోయింది. "తాతయ్య మంచం కింది సంచి తీశాడు. 'వాల్వు సరిచేసినా తగ్గుతోందంటే ఇంజన్ హెడ్డు విప్పాలి, అది ఆవిడ వల్ల కాదు, నేనే వెళ్తా' అంటున్నాడు. డాక్టరు వద్దన్నా వినడం లేదు."

నీ రక్తం శుభ్రం చేసే ఆ యంత్రం ఈ దీవిలో లేదని నీకు తెలుసు. అది లేకుండా ఎన్నాళ్లో కూడా ఇద్దరికీ తెలుసు. నువ్వు వచ్చేది నా అరవై చూసి. ఆ అరవై లేదు. సంచి మళ్లీ మంచం కిందికి నెట్టు. వాకిట్లో మూడో సమాధి ఊడ్చే ఓపిక నాకు లేదు.

కోపం వస్తే రానీ. కోపంగానైనా నాలుగు పేజీలు రాయించు.

ఇంకొక్క సంగతి. కొండ ఎక్కేటప్పుడు, రెండో గేరులో మాత్రమే, చైను వైపు నుంచి టిక్కు టిక్కుమంటోంది. దిగేటప్పుడు లేదు. ఇది నిజం. కావాలంటే తెరేని అడుగు, పిలిచి వినిపించాను. బండి ఆగిపోయేంత జబ్బు కాదు, నువ్వు రావాల్సినంత అసలే కాదు. ఏమై ఉంటుందో, నేను ఏమేం చూడాలో ఒక్కొక్కటిగా రాయించు. తొందర లేదు.

ఇట్లు,
ఊరందరికీ మామ్మ,
నీకు మాత్రం భార్య,
మొయెరోవా