నా చేతిరాత టేబుల్

భిలాయి-3,
12 ఆగస్టు 1984

చిరంజీవి మురళీధర్‌కి మావయ్య దీవెనలు.

ఇక్కడ మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బాగుండాలి. ఈ ముక్క ప్రతి ఉత్తరంలోనూ చెయ్యి దానంతటదే రాసుకుపోయేది. ఈసారి రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది. ఎందుకాగిందో కింద చెబుతాను. నువ్వు తెలుగు కూడబలుక్కుని చదువుతావని అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను. నీ ఉత్తరంలో సగానికి సగం హిందీయే. చదివి వినిపిస్తే మీ అమ్మ, "ఈడు బొంబాయి ఎల్లి సేఠ్ అయిపోనాడేటి?" అని నవ్వింది.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. మీ అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. నువ్వు పంపిన మందునూనె సీసా మూత తియ్యలేదు, పండగకి రాసుకుంటుందట. ఇల్లు వానకి కారుతోంది. ఇంటాయన గురునాథరావు వచ్చి, కారే చోటికిందే కుర్చీ వేసుకుని టీ తాగి, చూద్దాం అని వెళ్ళాడు. నా ఉద్యోగం అదే స్టోరు. పొద్దున బోల్టులు ఇస్తాను, సాయంత్రం మిగిలినవి తీసుకుంటాను. నీళ్ళలోకి దిగి పదకొండేళ్ళయింది, ఇక దిగను.

నీకు పర్మనెంటు అయినందుకు సంతోషం. ఓడల అడుగులు గోకడమే అయినా ఒడ్డున డాక్టరు, గాలి ఒత్తిడి పెట్టే గది ఉన్నాయని రాశావు. మాకు ఆ రోజుల్లో ఒడ్డున బీడీ కట్ట, టీ కెటిలు ఉండేవి.

అసలు ప్రశ్న చివరికి నెట్టాను. ఎంత లోతులో ఎంతసేపు ఉంటే పైకి వస్తూ ఎంతసేపు ఆగాలో చెప్పే కంపెనీ టేబుల్ కాక, అనుకున్నది తప్పితే చూసుకోవడానికి రెండోది ఒకటి జేబులో ఉండాలని మీ సూపర్‌వైజరు అన్నాడనీ, మొన్న వేసవిలో నా ట్రంకులోంచి తీసుకెళ్ళిన నోటుబుక్కు కాగితానికి ప్లాస్టిక్కు వేయించి దాన్నే పెట్టుకున్నాననీ రాశావు. "నాన్న వాడినది కదా, దగ్గరుంటే ధైర్యం" అన్నావు. దాని కింద ఇంకో వాక్యం రాశావు: "కానీ నేను నాన్నలా భయపడి పైకి వచ్చెయ్యను మావయ్యా." ఆ వాక్యం మీ అమ్మకి చదవలేదు.

ముందు ఆ కాగితం చించెయ్. చించాకే మిగతా ఉత్తరం చదువు.

ఎందుకంటే అది తప్పు. మా లోతు మీటరు రష్యా సామానుతో వచ్చింది, మీటర్లలో చూపించేది. విశాఖ డాక్‌యార్డులో పనిచేసినప్పుడు తెచ్చుకున్న అచ్చు టేబులేమో అడుగుల్లో ఉండేది. పడవలో కూర్చుని ప్రతిసారీ లెక్క కట్టడం విసుగై, నేనే ఇంట్లో దాన్ని మీటర్లలోకి మార్చి రాశాను. మీటరుకి మూడడుగులు. వర్క్‌షాపులో గొట్టాలు కోసేటప్పుడు అందరం నోటికి వేసుకునే లెక్కే. కానీ ముప్ఫై మీటర్లంటే తొంభై అడుగులు కాదు, తొంభై ఎనిమిది. నూరడుగుల వరస రాయాల్సిన చోట తొంభై వరస రాశాను. నీ జేబులో ఉన్న ప్రతి వరసా ఆగాల్సినదానికంటే తక్కువసేపు ఆగమంటుంది. లోతులో ఒంట్లోకి చేరిన గాలి పోనివ్వకుండా పైకి తెచ్చేస్తుంది.

రెండో టేబుల్ అంటే వేరే ఎవరిదో తెచ్చుకోవడం కాదురా. మీ కంపెనీ వాడే టేబుల్లోంచే తీసుకో. అనుకున్నదానికంటే ఒక మెట్టు ఎక్కువ లోతు వరస, ఒక మెట్టు ఎక్కువ టైము వరస, రెండూ కలిసి తప్పితే చూసే వరస, ఈ మూడూ రాసుకో. నీ చేతి గేజు ఏ కొలతలో చూపిస్తే ఆ కొలతలోనే ఉండాలి. నీళ్ళు చల్లగా ఉన్నా, పని ఒళ్ళు విరిచేదైనా ఇంకో మెట్టు ఎక్కువ చూడు. రెండు కాగితాలు రెండు మాటలు చెబితే ఎక్కువసేపు ఆగమన్నదాన్ని విను. ఇది నాకు తెలిసిన విద్య. తెలిసే చెయ్యలేదు.

ఇక్కడితో ఆపితే లెక్క తప్పిన మావయ్యగా మిగిలిపోతాను. దాంతో బతికెయ్యొచ్చు కూడా. అదీ అబద్ధమే.

1973 డిసెంబరులో కాంట్రాక్టరు నరసింగరావు మనుషులుగా ఒక డ్యామ్ దగ్గరికి వెళ్ళాం. గేటులో దుంగ ఇరుక్కుంది. ఆరోజు దిగే వంతు బావది, పడవలో తాడు పట్టే వంతు నాది. వీపున జోడు సిలిండర్లు, పైకి వస్తూ ఆగినప్పుడు పీల్చుకోవడానికి పదడుగుల లోతులో తాడుకి ఇంకొకటి వేలాడదీశాం. ముప్ఫై మీటర్లు, ముప్ఫై నిమిషాలు అనుకున్నాం. దుంగ రాలేదు. మీ నాన్న సంగతి నీకు తెలీదు, పట్టిన పని వదలడు. యాభై నిమిషాలకి గానీ పైకి వస్తున్నానని తాడు లాగలేదు. పలక మీద రాసుకున్నది ముప్ఫై నిమిషాలకి, అది ఇక పనికిరాదు. రేకుపెట్టె తెరిచాను. అచ్చు టేబులూ ఉంది, నా చేతిరాతా ఉంది. రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను. అచ్చుదాంట్లో నూరడుగుల వరస మొత్తం ఇరవై ఆరు నిమిషాలు ఆపమంది. నాది పద్దెనిమిది అంది. నా లెక్క తప్పని నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

ఒడ్డు మీంచి నరసింగరావు కేకేశాడు. "అరె పైడిరాజూ, ఇంకెంత సేపయ్యా? సాబ్ లోగ్ వచ్చీ టైమయిపోతంది. జల్దీ లేపీ ఆడిని."

నా కాగితంలోని పద్దెనిమిదే చూశాను. తెలిసే చూశాను. ఏమీ కాదులే అనుకున్నాను, ఎందుకంటే అప్పటిదాకా ఏమీ కాలేదు.

బావ దగ్గర గడియారం లేదు. నేను తాడు లాగితే రావాలి, లేకపోతే ఉండాలి. పద్దెనిమిదో నిమిషంలో లాగాను. అప్పుడు వచ్చాడు. ఒక్క నిమిషం ముందు రాలేదు. వచ్చి టీ తాగాడు, భుజం లాగుతోందన్నాడు. గంట తిరక్కుండా కాళ్ళు లేవలేదు.

మర్నాడు ఆస్పత్రి వరండాలో నరసింగరావు, "ఏటయిందసలు?" అనడిగాడు. నేను ఆలోచించనైనా లేదు. "బావ బయపడి, నాను లాగకముందే వచ్చీసినాడు" అన్నాను. ఆయన అదే రాసుకున్నాడు. సాయంత్రానికి మనవాళ్ళందరికీ పాకింది. కుళాయి దగ్గర మీ అమ్మ విన్నది అదే, స్కూల్లో పిల్లలు నిన్నన్నదీ అదే. పదకొండేళ్ళు మీ ఇంట్లో తింటూ నేనూ విన్నాను.

మూడేళ్ళు ఆయన మంచంలో ఉన్నాడు కదా. ఒకరోజు అన్నం తినిపిస్తుంటే అడిగాడు. "నాను ముందే వచ్చీసినానేటిరా పైడీ? నాకయితే నువ్వు లాగినట్టే గుర్తు."

"లేదు బావా, నువ్వే వచ్చీసినావు" అన్నాను.

నోట్లో ముద్ద మింగాడు. "అయితే బయపడిపోనానన్నమాట" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నా మీద నమ్మకంతో, తను పిరికివాడనుకునే పోయాడు.

మురళీ, మీ నాన్న భయపడలేదు. భయపడింది నేను. ముందు కాంట్రాక్టరుకి, తర్వాత మీ అమ్మకి, ఆ తర్వాత నీకు. వేసవిలో నువ్వా కాగితం జాగ్రత్తగా మడిచి పెట్టెలో పెట్టుకుంటుంటే పక్కనే నిలబడి చూశాను. బండికి టైమైందని తొందరపెట్టాను కూడా. అప్పట్నించీ ఈ రెండు నెలల్లో నువ్వెన్నిసార్లు దిగావో నాకు తెలీదు. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నించీ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

ఇంతవరకూ రాసి ఇవాళ మధ్యాహ్నం మీ అమ్మకి చదివి వినిపించాను. బియ్యం ఏరుతూ మొత్తం విన్నది. చివరికి చేట పక్కన పెట్టింది.

"ఆ రోజు తక్కువ సూసినావు, సరే. మంచంలో ఉన్నోడు నోరు తెరిసి అడిగినాడు కదా. అప్పుడయినా ఎందుకు సెప్పలేదురా?"

నేను కాగితాలు మడిచాను.

"ఉత్తరం పోస్టు సెయ్యి" అంది. "ఇకమీదట ఆడి ఉత్తరాలు నువ్వు సదవకు. పక్కింటి పైడమ్మ కూతురు సదువుతాది."

పైడమ్మ కూతురికి హిందీయే బాగా వచ్చు, నీకు సుఖం. నాకు జవాబు రాయమని అడగను. ఆ కాగితం చించేశానని మాత్రం మీ అమ్మకి ఒక ముక్క రాయి. నాకెవరూ చెప్పరు. కానీ మీ అమ్మ గదికీ నా గదికీ మధ్య ఒకటే గోడ, ఆ పిల్ల గట్టిగానే చదువుతుంది.

ఇట్లు,
నీకింకా అలా పిలవాలనుంటే, మావయ్య
పైడిరాజు