జొన్న కంకికి కట్టిన పేలిక

రాజవ్వా,

నువ్వు పోయాక ఇది మన మొదటి జొన్న పంట. నిన్న గ్రామసేవక్ మెట్‌పల్లి చుట్టుపక్కల రైతులను మన చేనికి తీసుకొచ్చి, విత్తనం ఎట్లా ఏరుకోవాలో చూపించాడు.

"కోతకు ముందుగాల్నే మంచి కంకులకు గుర్తు కట్టుకోవాలె. కళ్లంల ఏరుకుంటే లాభం లేదు," అన్నాడు.

నువ్వు ఏటా చేసిన పనే. పాత చీరలన్నీ చింపి చేనుకు కడుతున్నావని నేను కసురుకునేవాడిని.

"గీ పని మా ఇంటామె ఏండ్లసంది చేసేది," అన్నాను అందరి ముందు. నీ ముందు ఒక్కనాడూ మెచ్చుకోలేదు.

వాళ్లు వెళ్లాక విత్తనానికి మంచి కంకులు నేనే చూసి ఎంచుకున్నాను. పేలికల కోసం నీ పెట్టె తెరిస్తే, ఒక్క చీరే మిగిలి ఉంది. పెట్టె మూసేసి, నా తలరుమాలు చింపి కట్టాను.