చందాల టీం

ఆదివారం, ఇంటికి చేరాక

మా ఆదోని ఫుట్‌బాల్ జట్టుకు లీగ్ కమిటీ మూడు పాయింట్లు కోసేసింది. ఫీజు కట్టలేదట. కట్టాల్సిన మా ఓనరు పత్తి మిల్లు అమ్మేసి వెళ్లిపోయాడు. కొన్న సేటును పొద్దున అడిగితే, "నేను మిల్లు కొన్నానప్పా, మిమ్మల్ని కొనల్యా" అన్నాడు.

ఆ కోతతో ఎమ్మిగనూరు జట్టు పట్టికలో మా పైకెక్కింది. వాళ్లకు ఓనరే లేడు. మగ్గాల వీధిలో ఇంటింటికీ తిరిగి చందాలు అడుగుతారు. ‘చందాల టీం’ అని ఎంత నవ్వేవాణ్ణి!

సాయంత్రం వాళ్లతోనే ఆట. అయిపోయాక వాళ్ల కెప్టెన్ ఈరన్న నా భుజం మీద చెయ్యేసి, "బాధపడొద్దన్నా. ఓనరు పోతే మీకు కష్టమే. మాకు పోయేదానికి ఎవరుండారు?" అన్నాడు. ఓదార్పుకే అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతకన్నా మండించింది వాళ్ల వీధి నుంచి ఆట చూడ్డానికొచ్చిన ఓ ముసలవ్వ. గోల్ అంటే ఏమిటో కూడా తెలియదు. చందా ఇచ్చింది కాబట్టి, "మా ఈరన్న! మావోడు!" అని ఆటంతా అరుస్తూనే ఉంది.

మేమూ రేపటి నుంచి చందాలు అడగాలంటున్నారు కుర్రాళ్లు. ఇన్నేళ్లూ మిల్లు పేరున్న జెర్సీ వేసుకుని ఈ ఊళ్లోనే ఆడాను. ఇప్పుడు ఏ తలుపు తట్టినా, "ఎవరప్పా నువ్వు?" అంటారు.